అర క్షణం ఆలస్యం

హెల్సింకిలో, ఈ పెద్ద హాల్లో
నా కుర్చీ నుంచి వేదిక ఎంత దూరమో
టేపు తీయకుండానే చెప్పగలను:
పన్నెండున్నర మీటర్లు, మీద ఓ బెత్తెడు.
ఇరవై మూడేళ్లుగా అదే నా పని.
లెన్స్ నుంచి కంటిదాకా కొలవడం.
అతను చూస్తాడు,
చూసింది మసకబారకుండా
పక్కన నిలబడి నేను చక్రం తిప్పుతాను.

ఒస్మో కైవాంతోని పిలిచారు.
ఈ ఏటి జాతీయ ఛాయాగ్రహణ పురస్కారం.
కంగారులో కోటు గుండీ తప్పు కాజాలో పెట్టుకుని లేచాడు.
హాలంతా అతని ముఖం చూస్తోంది.
నాకెప్పుడూ ఇలాంటివే కనిపిస్తాయి.

న్యాయనిర్ణేత కళ్లజోడు సర్దుకుని చదివింది:
"మసకలోంచి ఆ వృద్ధురాలి ముఖం తేరుకునే అర క్షణం
బొమ్మే ఊపిరి పీల్చుకున్నట్టుంది."
చప్పట్లు.
నా చేతులు కాస్త ఆలస్యంగా కలిశాయి.

ఇనారి సరస్సు. జనవరి మొదటి వారం.
సూర్యుడు అడవి అంచు దాటి రాడు.
మధ్యాహ్నం ఓ రెండు గంటలు మాత్రం
మంచంతా నీలిమందులో జాడించిన తెల్లబట్ట.
బ్యాటరీలని చంకల్లో పొదిగేవాళ్లం,
కోళ్లలాగా.
ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోయేది.

మారెత్ నటి కాదు.
గడ్డకట్టిన నీటికి కన్నం పెట్టి వల లాగే మనిషి.
ఆమె ఆగాల్సిన చోట ఎర్ర ఊలుపోగు పెట్టాను.
టేపు కొస కనుబొమ్మ దగ్గరికి తీసుకెళ్తే
"కొలతలు దేనికే, శవపెట్టెకా?" అని నవ్వింది.
మూడు మీటర్ల ఇరవై.
చక్రం మీద తెల్ల పెన్సిల్‌తో గీత గీశాను.

లాగాలి, ఆగాలి, అటు చూడాలి.
అంతే చెప్పాం.

లాగింది.
ఖాళీ వల.
ఆగలేదు.
ఎర్రపోగు తొక్కేసి
నేరుగా మా మీదికి నడిచి వచ్చింది.
మూడు మీటర్లు. రెండున్నర. రెండు.

నా చూపు చక్రం మీద లేదు,
ఆమె చేతుల మీద ఉంది.
తొడుగులు లేని చేతులు,
తడిసి, ఆవిరి కక్కుతున్న చేతులు.
ముఖం నీలంలో కరిగిపోయింది.
అప్పుడు మేలుకున్నాయి నా వేళ్లు.
ముడతలు తేలాయి, రెప్పల మీద మంచునూగు తేలింది,
ఆ కోపం తేలింది.

"పాడుచేశాను" అన్నాను.
ఒస్మో కెమెరాకి ఆనించిన కన్ను తీయలేదు.
మళ్లీ తీద్దామంటే ఆ రోజుకి వెలుగు లేదు.
మారెత్ ఫ్లాస్కు మూత తిప్పుతూ తిట్టింది,
"మీ అడుగుల చప్పుడుకి చేపలు పోయాయి.
ఆ మాట మీ మొహాన అందామనే వచ్చాను!"

పత్రికలు దాన్ని శోకం అని రాశాయి.

ఇప్పుడతను మైకు ముందున్నాడు.
దీపాల అవతల ఉన్నవాళ్లు అక్కణ్నుంచి కనపడరు,
మా వృత్తిలో మొదట నేర్చుకునేది అదే.
నా పేరు ఎక్కడ ఎత్తుతాడో అని గుండె చిక్కబట్టుకున్నాను.
ల్యాబ్ వాళ్లకి, భార్యకి, మారెత్‌కి,
ఆమె పట్టలేని చేపలకి కృతజ్ఞతలు చెప్పాడు.
నా పేరు ఎత్తలేదు.
బతికించాడు.
కాస్త నొప్పీ పెట్టింది, అబద్ధమెందుకు.

గాజు బహుమతి చంకలో పెట్టుకుని,
బ్యాటరీలాగే,
మెట్లు దిగుతున్నాడు.
వరసల మధ్య నుంచి ఇటే వస్తున్నాడు.
పది మీటర్లు. ఏడు. నాలుగు.
మోకాలి మీద నా వేళ్లు
లేని చక్రాన్ని తిప్పుతున్నాయి.

గుండీ సంగతి చెప్పాలి.
ఇంకాస్త దగ్గరికి రానీ.