తినే రాళ్ళు

కిసుమూ ఊళ్ళో, కిబూయే సంతలో
ఎండుచేపల వరసకీ పాతబట్టల గుట్టలకీ మధ్య
రెండు గజాల గోనెపట్టా నాది.
నేను రాళ్ళమ్ముతాను.
ఇల్లు కట్టే రాళ్ళు కావు.
సుద్దకంటే గట్టివి, పటికబెల్లంకంటే మెత్తనివి.
ఒడోవా అంటాం మేము.

ఎవరు నెల తప్పారో
మొగుడికంటే ముందు నాకు తెలుస్తుంది.
కొనేవాళ్ళు తలెత్తరు.
"మా అక్కకి" అంటారు,
సంచిలో పడకముందే ఒక పెచ్చు
దవడకింద కరకరమంటుంది.
నవ్వను. నావీ ఐదు కాన్పులు.
మొదటి చినుకు పడ్డ మట్టిగోడని
నాకాలనిపించిన రోజులు నాకూ ఉన్నాయి.

అపోండి వారానికి నాలుగుసార్లు వచ్చేది.
పందొమ్మిదేళ్ళు. జడలకి నీలం పూసలు.
ఒక మంగళవారం చిల్లర లెక్కపెడుతూ పెడుతూ
నా తక్కెడ మీదికే ఒరిగిపోయింది.
రాళ్ళు దొర్లాయి.
చేపలామె మొహాన నీళ్ళు కొట్టింది, చేపల నీళ్ళే.

ఆసుపత్రిలో నర్సు నెకేసా
దాని కింది కనురెప్ప లాగి నన్ను పిలిచింది.
"ఇక్కడ ఏ రంగుండాలి?"
ఎరుపు, అన్నాను.
అక్కడ నా సరుకు రంగుంది.

"ఒంటికి ఇనుము తక్కువైంది, నోరేమో మట్టినడుగుతోంది.
ఆ మట్టి కడుపులో కూచుని
ఆకుకూరలో వచ్చే కాస్త ఇనుమునీ పట్టేసుకుంటోంది."
అప్పు తీర్చడానికి
అదే షావుకారు గడప తొక్కినట్టన్నమాట.

మాత్రలిచ్చింది. రోజుకొకటి.
టీతో వద్దు, నారింజతో మింగు.
నోట్లో తుప్పు రుచి, విరేచనం నలుపు,
భయపడకు.

పది రోజులకి గోనె దులుపుతుంటే
రాళ్ళ అడుగున మాత్రల అట్ట దొరికింది.
ఒక్క గుంటే ఖాళీ.
ఇంట్లో పారేస్తే అత్త చూస్తుందని
నా దగ్గర పారేసింది.

నర్సుకి చెప్పలేదు.
అపోండి వస్తే తక్కెడ తీయడం మానేశాను.
ఒక తొన, ఒక మాత్ర.
నోరు తెరువు, నాలుకెత్తు.
ఏడ్చింది. తిట్టింది.
"నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటావా ముసల్దానా" అంది.
మిగతావాళ్ళకి అమ్ముతూనే ఉన్నాను,
ఆ సంగతి నన్నడక్కండి.
చిన్నవాడి స్కూలు ఫీజు ఈ రాళ్ళే.
రాత్రి దీపమార్పాక
నేనూ ఒక పెచ్చు బుగ్గన పెట్టుకుంటాను,
కడుపులో ఎవరూ లేకపోయినా.

నిన్న చీకటి పడ్డాక, పట్టా చుట్టేస్తుంటే
ఎవరో వచ్చి నిలబడ్డారు.
తెల్లబట్టలు లేవు, చెప్పుల్ని బట్టి పోల్చుకున్నాను.
"మా చెల్లెలికి" అంది నెకేసా,
తలెత్తకుండా.

లాంతరు పైకెత్తాను.
"ఏదీ, కింది రెప్ప లాగు."