వినడం పని కాదు

నిన్న రాత్రి పన్నెండింటికి
ఒతార్ కాగితం చచ్చిపోయింది.
మనిషి బాగానే ఉన్నాడు.
సైరన్‌కి పది నిమిషాల ముందే
సైకిలు స్టాండేసి, టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని
టైమాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏటమ్మా వరాలూ, టోకెనేది?"
మూడేళ్లలో నేర్చిన తెలుగంతా మాదే,
గరివిడి సంతలో ఏరుకున్నది, సాగదీతలతో సహా.

నేను ఇవ్వలేదు.
నాలుగొందల పదకొండు. ఇత్తడి బిళ్ల.
అంచులరిగి నా వేళ్లకి నున్నగా తగిలింది.
మేనేజరు రాత్రే ఫోన్లో చెప్పాడు:
అర్జీ విశాఖలో ఉంది, వస్తుంది,
వచ్చేదాకా గేటు దాటకూడదు,
పనిముట్టు ముట్టకూడదు, జీతం రాయకూడదు,
నువ్వే చెప్పు, నీ మాటైతే వింటాడు.

చెప్పాను. విన్నాడు.
కొలిమికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అతనిది జార్జియాలో ఎక్కడో మాంగనీసు ఊరు.
మాదీ మాంగనీసు ఊరే.
మా నాన్న గర్భాం గనిలో తట్ట మోసేవాడు,
అతను నీళ్లు పోసుకుంటే నూతి గట్టు నల్లబడేది.
ఆ సంగతి చెప్పిన రోజు ఒతార్ ఏమీ అనకుండా
అరచెయ్యి తిప్పి చూపించాడు.
గీతల్లో దిగని నలుపు.
అది అతనిదో, వాళ్ల నాన్నదో
నేను అడగలేదు.

ఆ రోజంతా
గేటెదురుగా పైడితల్లి టీకొట్లో
ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు.
రెండు టీలు, ఒక సెనగల పొట్లం.
తల ఎడమకి వంచి
పొగగొట్టం వైపు చెవి పెట్టాడు,
పక్కింట్లో పసిబిడ్డ ఏడుస్తుంటే
లోపలికి పోలేనివాళ్లు వినేటట్టు.

మూడు దాటాక దిగ్గున లేచాడు.
"రెండో కడ్డీ. జారతంది. బేగి!"
నాకు వినిపించింది రోజూ ఉండే రొదే.
లోపల ప్యానెలు ముందు గౌరీసుకీ అంతే.
ఫోను కలిపాను.
ఒతార్ చెప్తున్నాడు, నేను అంటున్నాను, గౌరీసు చేస్తున్నాడు.
లోడు తగ్గించు.
ఆగు.
ఇంకొంచెం.
క్లాంపు జోలికి ఇప్పుడే పోకు.
పావుగంట సేపు మాటలు
ఊచల సందుల్లోంచి లోపలికెళ్లాయి.
మాటలకి టోకెను లేదు.

కడ్డీ విరగలేదు.
విరిగుంటే దాని కింద ఎందరుండేవారో
రాసుకునే గడి నా పుస్తకంలో లేదు.

సాయంత్రం మేనేజరొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.
"వాడేం పని చెయ్యలేదు కదా?"
లేదు సార్. వింటా కూచున్నాడు.
"వినడం పని కాదు" అన్నాడు,
నాతో కాదు, తనతో తనే.
కాదు సార్, అన్నాను.

మా మేనత్త కొడుకు రావులు
మస్కట్‌లో కార్డు ముగిసిపోయిన నాలుగు నెలలూ
ఎవరి కొట్టు ముందు కూర్చున్నాడో
ఎవరు టీ పోశారో
ఇప్పటికీ చెప్పడు.
అడిగితే ఎండల గురించి చెప్తాడు.

మస్టరు ముందేసుకున్నాను.
హాజరంటే అబద్ధం.
గైర్హాజరంటే ఇంకా పెద్ద అబద్ధం.
సెలవంటే, ఎవరడిగారు?
పెన్ను మూత తీశాను, పెట్టాను.
ఆ గడి అలాగే వదిలేసి
బిళ్లని కొంగున ముడేసుకుని ఇంటికెళ్లాను.

తెల్లారి మళ్లీ వచ్చాడు.
పైడితల్లి స్టూలు తుడిచి వేసింది.
డబ్బులడగలేదు,
తడిక పక్క గోడ మీద
బొగ్గుముక్కతో ఒక గీత గీసింది.

ఈ ఊళ్లో అతని హాజరు పడుతున్నది అక్కడే.
ఇవాళ్టికి పదమూడు గీతలు.
వాన పడితే
ఆ గోడకి చూరు లేదు.