పదకొండడుగుల రెండంగుళాలు

ముచ్చటగా మూడు రాత్రులు.
గురువారం తెల్లారకముందే డేటన్‌లో తాళం వేసి
ఆదివారం రాత్రికి మళ్ళీ డేటన్‌లో తాళం తియ్యాలి.
మధ్యలో చాటనూగా.

వంటింటి బల్ల మీద మ్యాపు పరిచింది వెర్డెల్.
ఫోన్లో ఉంది కదా అంటే
"కొండల్లో ఫోను మూగబోతుంది, కాగితం మూగబోదు" అంది.
నాలుగు మూలలా బరువులు:
ఉప్పు డబ్బా, నా కళ్ళజోడు పెట్టె,
తన బీపీ మిషను, నిన్నటి రొట్టె.

ముప్పై ఒక్కేళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి,
ఏ వీధికి ఎటు తిరగాలో నాకొకరు చెప్పక్కర్లేదు.
కానీ సంచి భుజానేసుకుని నడవడం వేరు,
ఇరవై నాలుగడుగుల ఇంటిని వెంటేసుకుని మలుపు తిరగడం వేరు.
ఎత్తు పదకొండడుగుల రెండంగుళాలు.
నిచ్చెనెక్కి నేనే టేపు పెట్టి కొలిచాను, రెండుసార్లు,
పైన ఏసీ మూతతో కలిపి.
చీటీ మీద రాసి స్టీరింగు పైన అతికించాను.
వంతెన కింద దూరేముందు
మనిషికి తన కొలత తెలిసుండాలి.

గాలనుకి ఎనిమిది మైళ్ళు.
ఈ ఆర్వీ తాగుడు చూస్తే మా బావమరిదే నయం.
పక్కింటి ఆర్విల్ తెల్ల గొట్టం అరువిచ్చాడు, తాగే నీళ్ళకి;
మొక్కలకి వాడొద్దని మూడుసార్లు చెప్పాడు.
జెల్లికో కొండెక్కేటప్పుడు కుడి వరసలో,
లారీల వెనక, సిగ్గుపడకుండా.
దిగే చోటు ఊరికి పదకొండు మైళ్ళ అవతల,
కరెంటుంది, నీళ్ళున్నాయి, మురుక్కి మాత్రం దారి లేదు.
"మూడు రోజులేగా, ట్యాంకు ఆగుతుంది" అన్నాను.
"ట్యాంకు ఆగుతుంది, నీ స్నానాలు ఆగవు" అంది.

శుక్రవారం పొద్దున చేపల అద్దాల మేడ.
మధ్యాహ్నం కొండెక్కే రైలు, మోకాళ్ళు ఒప్పుకుంటే.
సాయంత్రం, వెర్డెల్ గుండ్రటి అక్షరాల్లో:
"పాత వంతెన మీద నడక. ఐస్‌క్రీమ్."

అక్కడ నా పెన్సిలు ఆగింది.

అమ్మమ్మ యూలా పుట్టింది ఆ ఊళ్ళోనే.
ఆరేళ్ళప్పుడు నన్ను తీసుకెళ్ళింది, మామయ్య ఫోర్డులో.
బయల్దేరే ముందు రాత్రి
ఆమే ఇలాగే బల్ల ముందు కూర్చుంది, మ్యాపు లేకుండా.
బూట్ల పెట్టెలో వేయించిన కోడి,
ఉడికించిన గుడ్లు, కాగితంలో చుట్టిన ఉప్పు,
ఇంకా, మూతున్న ఖాళీ కాఫీ డబ్బా ఒకటి.
ఒహాయో నది దాటాక
ఏ పెట్రోలు బంకులో ఏ తలుపు మాకు తెరుచుకోదో
ఆమెకి నోటికొచ్చు.
డబ్బా ఎందుకో నాకు
కెంటకీ మధ్యలో అర్థమయింది.

అక్కడికెళ్ళాక నది దాటాలంటే
దగ్గరి వంతెన వదిలేసి
అవతలి వంతెనకి నడిపించేది, మిట్టమధ్యాహ్నం.
ఎందుకే అమ్మమ్మా అంటే
చెయ్యి ఇంకాస్త బిగించేది.
అంతే. ఆ చెమట చెయ్యి.
నలభై దాటాక లైబ్రరీలో ఒక పాత పేపరు దొరికింది.
తాడు అన్న మాట దగ్గర
మడిచి ఇచ్చేశాను.

వెర్డెల్‌కి ఇదంతా తెలుసు. తెలిసే రాసింది.
"వద్దనుకుంటే కొట్టెయ్" అంది
నా వైపు చూడకుండా, రొట్టె పొడి దులుపుతూ.
వంతెన కొట్టెయ్యలేదు.
ఐస్‌క్రీమ్ ఒక్కటీ కొట్టేసి
కింద రాశాను: "దిగాక."

పడుకునే ముందు టార్చి పట్టుకుని బండెక్కాను.
వెనక మూల చిన్న మరుగుదొడ్డి.
తలుపేస్తే మోకాళ్ళు తగులుతాయి.
నీళ్ళు వస్తున్నాయో లేదో పెడలు తొక్కి చూశాను.
వచ్చాయి.
అవసరం లేకపోయినా ఇంకోసారి తొక్కాను.
ఇంకోసారి.

"ట్యాంకు నిండిపోతుందయ్యా!"
వంటింటి కిటికీలోంచి వెర్డెల్.