మూసుకోకూడని చోట

లోరెనా హోస్టెటర్ దాన్ని
పాత గొంగళిలో చుట్టి తెచ్చింది,
జ్వరం పిల్లను డాక్టరుకు చూపించడానికి తెచ్చినట్టు.
వెనకాల మనవడు టోబిన్,
చేతిలో సీలు తీయని తూటాల పెట్టె.
బయట పెన్సిల్వేనియా కొండల మీద
నవంబరు మంచు, కురవాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"మా ఆయన కొరియాలో మోసింది ఇదే" అందామె.
తల ఊపాను.
అబద్ధం ఎరగని వాళ్ళు కూడా
తుపాకుల విషయంలో తెలియక ఆడతారు.

ఇది యుద్ధం తర్వాతది. అరవై మూడులో
కేటలాగులో బొమ్మ చూసి
పోస్టులో తెప్పించుకున్నది.
అదే నడుము, అదే వాల్‌నట్ కట్టె,
అదే పాచిపట్టిన బూడిద రంగు.
చెయ్యి మాత్రం వేరు.

వెనక ముద్ర చదివాను. ఆ కంపెనీ తెలుసు:
పడమటి తీరాన ఒక రేకుల షెడ్డు,
ఆరేళ్ళు బతికింది.
సోమవారం చేసినవి ఒక రకం,
శుక్రవారం సాయంత్రం చేసినవి ఇంకో రకం.
పైన పటారం, లోన లొటారం అని
పేరు చూసి తేల్చేయడం తేలిక.
ఈ బల్ల మీదే
అసలు కన్నా నీతిగల నకళ్ళను చూశాను,
పగిలిన అసళ్ళనూ చూశాను.

విప్పితే లోపల ఒక సంత.
బోల్టు యుద్ధకాలం నాటిది,
సర్కారు తుక్కులో తూకం లెక్కన కొన్నది.
ట్రిగ్గరు ఇంకో ఫ్యాక్టరీది. స్ప్రింగు ఎవరిదో.
ఇన్నిటినీ పట్టి కూర్చోబెట్టే రిసీవరు మాత్రం
కొలిమిలో కాల్చి కొట్టింది కాదు,
అచ్చులో పోత పోసింది.
పోత తప్పని కాదు.
పోసినవాడు తొందరపడ్డాడా అన్నదే ప్రశ్న,
జవాబు చెప్పడానికి వాడు లేడు.

మా గురువు ఎమెరిక్
కుండను తట్టినట్టు తట్టి వినమనేవాడు.
తట్టాను. ఖంగుమంది. మంచి శబ్దమే.
ఎమెరిక్ ఎడమ కన్ను పోయింది కూడా
మంచి శబ్దం విన్న రోజునే.

నా దగ్గర రెండు ఉక్కు ముక్కలున్నాయి,
చిటికెన వేలంత.
ఒకదాని మీద బోల్టు మూసుకోవాలి,
రెండోదాని మీద మూసుకోకూడదు.
ఇంతే ధర్మం. తేడా ఒక వెంట్రుక మందం.

మొదటిది పెట్టాను. మూసుకుంది.
టోబిన్ నవ్వాడు.
రెండోది పెట్టాను.
ఒంటి వేలితో, బలం లేకుండా,
నిద్రపోయే ఇంట్లో తలుపు వేసినట్టు తోశాను.
మూసుకుంది.
చప్పుడైనా కాలేదు.

అయినా ఇనుప రజను కలిపిన నూనె పూసి
నీలి దీపం కింద పెట్టాను.
మూల నుంచి ఒక పచ్చటి గీత,
ఆకు ఈనెలా సన్నగా,
సగం దాకా పాకి ఆగింది.
ఆగింది అంటే, ఈ రోజుకి.

"ఒక్కటి కూడానా?" అన్నాడు టోబిన్.
"క్వారీలో, ఖాళీ డబ్బాల మీద, ఒక్కటే?"
ఒక్కటి పరవాలేదేమో.
ఆ 'ఏమో' కింద నేను సంతకం పెట్టను.

లోరెనా చాలాసేపు ఆ గీతనే చూసింది.
"ఆయన ఎప్పుడూ పేల్చలేదు.
ఏటా జూలైలో నూనె రాసి మళ్ళీ చుట్టేవాడు.
భయమా అని అడిగితే
'ఇది అది కాదు' అన్నాడు.
నేను దుఃఖం అనుకున్నాను,
ఇనుము గురించి అనుకోలేదు."

రెండిట్లో ఏదో నాకూ తెలియదు.
నా గేజులు అంత దూరం కొలవవు.

ట్రిగ్గరు గూటికి ఎర్ర చీటీ కట్టాను.
రసీదు రాశాను:
పరీక్ష, నలభై డాలర్లు. మరమ్మతు, లేదు.
ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.

గొంగళి ఈసారి కుర్రాడు చుట్టాడు.
ముడి కొంచెం వదులుగా వేశాడు.
తూటాల పెట్టె బల్ల మీదే ఉండిపోయింది.
పిలిచేలోగా బండి కదిలింది,
మంచు కురవడానికే నిశ్చయించుకుంది.