స్కోరుబోర్డు వెనక

మస్కటీన్‌లో మే నెల రెండో గురువారం.
నది ఇంకా మెట్లు దిగలేదు.
కుడివైపు గడ్డి మీద చేపల వాసన.
బురదలోంచి బూట్లు పీక్కుంటూ
డేల్ ఓస్టర్‌క్యాంప్ ఇసుక చల్లుతున్నాడు,
దిష్టి తీస్తున్నట్టు.
"ఆడతారా?" అన్నాను.
"టికెట్లు అమ్మేశారుగా" అన్నాడు.

నా పని బోర్డు వెనక.
రేకు పలకల మీద అంకెలు, ఒక నిచ్చెన, ఒక బల్బు,
పొద్దున్నుంచీ ఎండ తాగి ఉడుకుతున్న చెక్క గది.
పై వరసలో తొమ్మిది గళ్ళు పొరుగూరి వాళ్ళవి,
కింది వరసలో తొమ్మిది మావి.
ఇన్నింగ్స్ అయ్యేదాకా గడి ఖాళీ.
ఆ ఖాళీయే నా కిటికీ.
సున్నా తగిలిస్తే ఒకటి మూసుకుపోతుంది,
ఐదు తగిలించినా అంతే.
ఆట ముదిరేకొద్దీ నాకు చీకటి పడుతుంది.

జట్టు పేరు బటన్ కట్టర్స్.
ఒకప్పుడీ ఊరు నదిలో ఆల్చిప్పలు ఏరి
ఎక్కడెక్కడి చొక్కాలకో గుండీలు కోసిందట.
ఇప్పటికీ ఒడ్డున గునపం వేస్తే
గుండ్రటి కంతలు పడ్డ చిప్పలు బయటపడతాయి.
ఒకటి నా బల్బు పక్కన మేకుకి వేలాడుతోంది.

తొంభై ఆరు ఆటలు.
కుర్రాళ్ళు ఊళ్ళోవాళ్ళ బేస్‌మెంట్లలో పడుకుంటారు.
షార్ట్‌స్టాప్ అనీబాల్ పెగేరో
మిసెస్ వాస్ ఇంట్లో, వాషింగ్ మెషీన్ పక్కన.
వచ్చిన రెండో రోజే దాని వణుకు తగ్గించాడని
ఆవిడ చర్చిలో అందరికీ చెప్పింది.

బోర్డు చివర మూడు గళ్ళు వేరే:
పరుగులు, హిట్లు, తప్పులు.
తప్పులకి గడి కట్టి
ఊరందరి ముందూ తగిలించే ఆట
నాకు తెలిసి ఇదొక్కటే.
జూన్‌లో ఒక రాత్రి పెగేరో కాళ్ళ సందులోంచి బంతి పోయింది.
ఒకటి తీసి రెండు పెట్టాను.
వెనక్కి తిరిగి చూశాడు,
అంకెని కాదు, అంకె వెనక చేతిని.
మర్నాడు పార్కింగ్‌లో ఎదురై "అది హిట్టే" అన్నాడు.
"తగిలించేదాన్నే, తేల్చేదాన్ని కాదు" అన్నాను.
నవ్వాడు, పళ్ళ మధ్య పొద్దుతిరుగుడు పొట్టు.

జూలైలో నది మీంచి పురుగులు లేచాయి,
మన ఉసిళ్ళలాంటివి, ఒక్క పూట ఆయుష్షువి.
దీపాల చుట్టూ వడగళ్ళలా రాలి
రెండో బేసు కనపడకుండా పోయింది.
డేల్ మంచు పారతో దాన్ని తవ్వి తీశాడు.
ఆట నలభై నిమిషాలు ఆగింది.
వాటికి అదే పూర్తి సీజను.

ఆ వారమే పెగేరోని విడుదల చేశారు.
విడుదలంటే నాకు తెలిసింది జైలు తలుపు, సినిమా పోస్టరు.
ఇక్కడ అదే మాటకి
సంచీ సర్దుకుని గేటు దగ్గర నిలబడటం.
మిసెస్ వాస్ తన కారులోనే బస్సుదాకా దింపి వచ్చింది.
దారి పొడుగునా మేనేజర్ని తిట్టిందట,
డెబ్బై ఏళ్ళు చర్చి గాయకబృందంలో పాడిన నోటికి
తెలిసిన మాటలన్నీ అయిపోయేదాకా.

ఆగస్టు. మొక్కజొన్న పీచు నల్లబడింది.
గెలిచినవి ముప్పై తొమ్మిది.
ఓడినవి నా కుడి భుజానికి తెలుసు.
వచ్చే ఏడు లీగులో మా పేరుంటుందా
అంటే ఆఫీసులో ఎవరూ తల ఎత్తరు.
బీరు ధర మాత్రం డాలరు తగ్గించారు.

లేబర్ డే, ఆఖరి ఆట.
తొమ్మిదో ఇన్నింగ్స్ పై సగం ముగిసేసరికి
ఆరు, ఐదు. ముందున్నది మేమే.
ముందున్న సొంతూరి జట్టు ఇక బ్యాటు పట్టదు.
కింది వరసలో తొమ్మిదో గడికి
ఇంటూ గుర్తు పలక పెట్టాలి. అది నియమం.
పలక తీసుకున్నాను.

ఆ కంతలోంచి
పిల్లలు బేసులు చుట్టి పరిగెడుతున్నారు,
ఒకడు తిరగేసి, మూడోదాని నుంచి మొదటికి.
డేల్ వాణ్ణి ఆపకుండా నీళ్ళు పడుతున్నాడు.
ఖాళీ వరసలో మిసెస్ వాస్, ఒళ్ళో పర్సు,
ఎవరో ఇంకా బ్యాటింగుకి రావాలన్నట్టు.
ఒక్కో స్తంభమూ ఆరుతోంది.

పలక బరువేం లేదు.
ఇంకా చేతిలోనే ఉంది.