ఎనిమిది

ఐదున్నరకు హాజరు.
యశవంతపుర మూలలో, మూసిన హోటల్ షట్టర్ ముందు
మేం ఇరవై రెండు మందిమి, పచ్చ కోట్లు, చీపుర్లు.
బండ్లు నాలుగు. బండ్లకు మొగోళ్ళు నలుగురు.
మా అమ్మ మడకశిర నించి వచ్చిన కాలంలోనూ
లెక్క ఇంతే.

తోలేవాడికి జీతం ఎక్కువ. కూర్చోని పోతాడు.
బుట్ట ఎత్తి పోసేది మేము,
మెట్టు మీద ఒక కాలు, గాల్లో ఒక కాలు,
మలుపు వస్తే కమ్మీ పట్టుకోని యాలాడేది మేము.

ఆ మాట మొదట అనింది సుంకమ్మ.
కోపంగా కూడా కాదు, బన్ను టీలో ముంచుకుంటా:
"యాలాడేకి వచ్చినప్పుడు తిప్పేకి రాదా?"

మేస్త్రి రుద్రప్ప నవ్వినాడు.
చీర గేర్లో చుట్టుకుంటుందన్నాడు.
కాంట్రాక్టరు నవ్వలేదు.
నెలకు మూడు దినాలు బండి ఎవురు తీస్తారన్నాడు,
ఆడది స్టీరింగు పట్టుకుంటే
లేఅవుట్ వాళ్ళు ఏమనుకుంటారన్నాడు.
మా గల్లీలోనూ అదే మాట, ఇంకొంచెం ఉప్పేసి.
సుంకమ్మ అత్త రెండు పూటలు అన్నం ముట్టలేదు.
మూడో పూట ఆకలేసి తినింది.

అర్జీ రాసినాము.
రాసింది ఓబుళమ్మ కూతురు, పీయూసీ పిల్ల,
కన్నడంలో, ముత్యాల మాదిరి.
కింద ఇరవై రెండు వేలిముద్రలు.
ఆఫీసులో ఆయప్ప కాగితం వెలుతురుకు పట్టి
"ఇవి ముద్రలా, మరకలా?" అన్నాడు.

నిజమే. మా వేళ్ళకు గీతల్లేవు.
హాజరు మిషన్ కూడా మమ్మల్ని ఎరగనంటుంది,
మూడుసార్లు, నాలుగుసార్లు ఒత్తాల.
ఊడ్చి ఊడ్చి మా గీతలు రోడ్డుకిచ్చేసినాము.

పదకొండు దినాలు ఆయన మెట్ల మీద కూర్చున్నాము,
పని చేసొచ్చి, మధ్యాన్నం, కోట్లు విప్పకుండా.
వాసనకు కిటికీలు మూసుకున్నారు.
ఏప్రిల్ ఎండ. పదకొండో దినం వాళ్ళే తీసినారు.
"మొదట లైసెన్సు తెండి, చూద్దాం."

తేలేరనే కదా ఆ మాట.

ఆదివారాలు గూడ్స్ షెడ్డు ఎనక మైదానంలో
ఆటో తోలే వహీదా అక్క నేర్పింది.
"క్లచ్చి అట్ల పీకొద్దు.
నిద్రపోయిన బిడ్డ తల కింద నించి
చెయ్యి తీస్తావే, అట్ల వదులు."

పరీక్ష నాడు నేల మీద సున్నంతో ఎనిమిది గీసినారు.
గీత తొక్కకుండా తిప్పాల.
సుంకమ్మ బడి మొహం చూడలేదు,
పలక మీద ఒకటి కూడా రాసి ఎరగదు.
ఆ పొద్దు ఏకంగా ఎనిమిది రాసింది,
నాలుగు చక్రాలతో, ఒక్క చోటా చెరపకుండా.
ఇన్‌స్పెక్టరు మళ్ళీ రాయమన్నాడు.
రాసింది.

మూడు నెలలు తాళం ఇయ్యలేదు.
ఇచ్చింది కూడా మూలకు పడిన బండి.
హ్యాండ్‌బ్రేకు లేదు, దానికి బదులు ఒక ఇటికె.
ఆ ఇటికె దిగి పెట్టేది, తీసి ఎక్కేది
నా పని.

మొన్న మత్తికెరె మలుపులో ఇంజన్ ఆగిపోయింది.
ఎనక కారాయన అద్దం దించి
"ఏయ్ డ్రైవర్! కండ్లు కనపడవా?" అని అరిచినాడు.
సుంకమ్మ నా వైపు తిరిగింది.
ఇరవై ఏండ్లుగా ఈ ఊరు మమ్మల్ని
కసువు అనింది, ఏయ్ అనింది,
ఏమీ అనకుండా ముక్కు మూసుకునింది.
"ఇంటివా," అనింది సుంకమ్మ, "ఏమన్నాడో?"
ఆయప్ప ఇంకోసారి అరుస్తాడేమోనని
స్టార్ట్ చేసేకి కొంచెం ఆలస్యం చేసింది కూడా.

మిగిలినోళ్ళ కాగితాలు ఇంకా ఆఫీసులోనే ఉండాయి.
నా పరీక్ష మంగళారం.
ఈ పొద్దు రాలిన గులాబిరంగు పూలు ఊడుస్తా ఊడుస్తా
ఎందుకో చీపురు గుండ్రంగా పోయింది,
నడుమ కోసుకోని ఇంకో గుండ్రం.
రుద్రప్ప స్కూటర్ ఆపినాడు.
"ఇదేం ఊడ్పు?"

"మలుపు తిప్పుతాండా," అన్నాను.
"కొంచెం జరుగు సామీ."