బ్రాడీపేట 4/14

మా ఊళ్లో చిరునామా అడిగితే
వీధి పేరు చెప్పరు, అంకెలు చెబుతారు.
నాలుగో లైను, గీత, పద్నాలుగో అడ్డరోడ్డు.
ఆ గీతకి అటో ఇటో ఒక్క అంకె తప్పితే
పన్ను పీకే డాక్టరు గుమ్మంలో తేలతాం.

అందుకేనేమో ఈ పని నాకు తొందరగా అబ్బింది.
దేవసహాయం గారి స్టూడియోలో
నలభై ఏళ్ల నెగెటివులు, మూడు బీరువాలు, చెదలు తినగా మిగిలిన రిజిస్టర్లు.
అన్నీ ఎక్స్ఎమ్ఎల్‌లోకి ఎక్కించాను:
పేరు, తేదీ, కట్టిన అడ్వాన్సు, బాకీ,
ఆఖర్న బొమ్మకి దారి.
బీరువా, గీత, అర, గీత, కవరు, గీత, నంబరు.

బొమ్మ మాత్రం అందులో ఉండదు.
ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.
"ఇంతమంది ఉన్నారన్నావు, ఒక్క మొహం కనపడదేం?"
ఉన్నవి మొహాలు కాదండీ,
మొహాలుండే చోట్లు.

ఇక మూస రాయాలి.
ఎవరి వరస వచ్చినా అందులోంచే పోవాలి.
ఫోటో అయితే చట్రం కట్టి నిలబెట్టు.
మాటల టేపు అయితే మీట ఒకటి పెట్టు.
పెళ్లి క్యాసెట్టు అయితే దానంతటది మోగనీకు,
పక్క వాటాలో పిల్లలు ఎంసెట్‌కి చదువుతున్నారు.

మొదటి రాత్రి ఒక్క బొమ్మా రాలేదు.
తెర నిండా చిరిగిన చట్రాలు, రెండువేల మూడొందలు.
మీసాల బ్రాకెట్లు మరిచాను, అంతే.
అవి లేకపోతే మాటని మాటగానే పట్టుకుపోతుంది యంత్రం,
'మామయ్య ఇల్లు' అని చీటీ రాసిస్తే
రిక్షావాడు ఆ పేరున్న బోర్డు కోసం ఊరంతా తిరిగినట్టు.
రెండు మీసాలు తగిలించాక
మాట పక్కకి తప్పుకుంది,
వెనక మనిషి కనపడ్డాడు.

తెల్లారేసరికి అందరూ వచ్చేశారు.
గుడ్డమీద గీసిన తాజ్‌మహల్ ముందు పొగాకు కూలీలు,
ఓడిపోయిన హాకీ టీము,
గొడుగు దించనన్న పోస్ట్‌మాను,
ఒకే కోటు తొడుక్కున్న పదకొండుమంది పెళ్లికొడుకులు.
దేవసహాయం గారు కోటుని గుర్తుపట్టారు.

మే నెలలో మిర్చి యార్డు నుంచి సైదమ్మ వచ్చింది.
ఆమె కంటే ముందు ఘాటు వచ్చింది, ఇద్దరం తుమ్మాం.
తొడిమలు తీసీ తీసీ మండే వేళ్లు కొంగులో చుట్టుకుని
"మా అమ్మ ఇక్కడ ఫోటో దిగిందంట" అంది.
"ఈపూరి పున్నమ్మ. నాకు ఊహ తెలియకముందే పోయింది."

వెతికాను. వరస దొరికింది.
బొమ్మకి దారి ఉండాల్సిన చోట
తెరిచి, ఏమీ పెట్టకుండా, మూసేసిన ట్యాగు.

మూసలో దీనికీ ఒక మాట రాసే ఉంచాను:
బొమ్మ లేకపోతే వివరం చూపించు.
రాసినప్పుడు అదొక జాగ్రత్త, అంతకంటే ఏం లేదు.
ఇప్పుడు ఖాళీ చట్రంలో
దేవసహాయం గారి రిజిస్టరు రాత అచ్చక్షరాలై నిలబడింది.

'కళ్లు మూసింది. ఫిల్ము వేస్టు.
ముక్కుపుడక కుడివైపు.
జడ ముందుకి వేసుకుంది, వద్దంటే వెనక్కి, మళ్లీ ముందుకి.
నవ్వు ఆపమంటే ఆపలేదు.
మళ్లీ రమ్మన్నాను. రాలేదు.
అడ్వాన్సు రెండు రూపాయలు మన దగ్గరే ఉంది.'

సైదమ్మకి చదువు రాదు. నేను చదివాను.
ఇంకోసారి చదవమంది.
ముక్కుపుడక దగ్గర ఆగమని
తన ముక్కు తడుముకుంది. ఎడమవైపు.

దేవసహాయం గారు గల్లాపెట్టె తెరిచి
రెండు రూపాయల కోసం దేవులాడుతున్నారు.

"ఇది కాయితం మీద వచ్చిద్దా?"
అక్షరాలేనమ్మా, అన్నాను.
"రానీయ్. ఫోటో అంత సైజులో తియ్యి."

మూసలో ఒక్క వరస మార్చాను.
బొమ్మ లేకపోతే, వివరం,
ఫోటో కొలతల్లో, చుట్టూ తెల్లంచు వదిలి.

ఆ మార్పుకి ఇంకో నలభై ఆరుగురు వచ్చి నిలబడ్డారు.
రాత్రి షట్టరు సగం దించి ఒక్కొక్కరినీ చదివాను.
చాలామందికి, కళ్లు మూశారనే రాసుంది.